బడి పొద్దు: తెలుగు ఇళ్లలో ఒక హడావుడి చరిత్ర

తెలుగు నాట బడి ఉన్న రోజున ఉదయం ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య ఇళ్లలో సాగే ఉరుకులు పరుగులను పిల్లల బద్ధకానికో, తల్లుల అలసత్వానికో అంటగట్టడం చాలాకాలంగా వాడుకైపోయింది. ముందురాత్రే సంచి సర్దుకోవాలని, అరగంట ముందు నిద్ర లేవాలని పత్రికల కుటుంబ శీర్షికలు బడులు తెరిచే జూన్ నెలలో ఇచ్చే సలహాలన్నీ ఆ నమ్మకం మీదనే నిలిచినవి. ఆ సలహాలలో తప్పు లేదు గాని, అవి సమస్యను గడపకు లోపలే వెదుకుతాయి. బడి పొద్దుకు, అంటే పిల్లలు నిద్ర లేచింది మొదలు బడి గంట మోగేదాకా గడిచే కాలానికి, ఒక చరిత్ర ఉంది; దానిని వరుసగా చూస్తే ఈ హడావుడి ఇళ్లలో పుట్టినది కాదని, బడి ఇరుగుపొరుగు అరుగును విడిచి కచేరీ వేళలకు కట్టుబడి, ఆపైన ఊరు దాటి దూరంగా జరిగిన కొద్దీ విడతలు విడతలుగా ఇళ్లలోకి వచ్చి చేరిందని, వచ్చిన ప్రతిసారీ ముందుగా వంటింట్లోనే దిగిందని తేటపడుతుంది.

పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల బడి పొద్దును గురించి దొరికే ఆధారాలలో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక ముఖ్యమైనది. గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో మద్రాసు రాజధానిలోని జిల్లాలన్నింటి నుంచి దేశీయ పాఠశాలల వివరాలు కోరగా, కలెక్టర్లు పంపిన జవాబులు చాలామటుకు అంకెల పట్టికలుగానే మిగిలిపోయాయి. 1816లోనే తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం ప్రకటించిన కాంప్‌బెల్ మాత్రం బడి దినచర్యను విడమరిచి రాశాడు. నేటి అనంతపురం ప్రాంతం 1882లో విడిపోయేదాకా బళ్లారిలోనే ఉండేది కనుక ఈ నివేదిక రాయలసీమ చరిత్రకూ చెందినదే. ఆయన లెక్కకు ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు తేలారు. ఆ బడులలో 226 తెలుగువి, 235 కన్నడవి. వీటిలో అత్యధికం వీధి బడులు, అనగా ఊళ్లో ఏదో ఒక ఇంటి వీధి అరుగు మీదనో, గుడి మండపంలోనో, చెట్టు నీడనో ఒకే పంతులు నడిపే బడులు. పంతులుకు జీతం పిల్లల తల్లిదండ్రులే డబ్బు రూపంలోనో ధాన్యం రూపంలోనో ముట్టజెప్పేవారు.

ఆ నివేదిక ప్రకారం బడి తెరిచే వేళ సాధారణంగా ఉదయం ఆరు గంటలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవ చిహ్నంగా సరస్వతి పేరు రాసేవారు; రెండోవాడు మెప్పుకూ తగడు, నిందకూ తగడని తెలియజేయడానికి వాడి చేతిలో సున్న చుట్టేవారు; మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్కటి చొప్పున దెబ్బలు పెరుగుతూ పోయేవి. ఈ లెక్కను తు.చ. తప్పకుండా పాటిస్తే ఇరవై మంది చదివే బడిలో చిట్టచివర అడుగుపెట్టినవాడికి పద్దెనిమిది దెబ్బలు పడాలి. ఇంకా మొండికేసే పిల్లలను రెండు చేతులూ కట్టి ఇంటికప్పు నుంచి వేలాడదీసే శిక్ష, తెలుగువారు కోదండం అని పిలిచేది, ఉండనే ఉన్నది. పాతకాలపు చదువులను ఏ లోటూ లేని కాలంగా కొనియాడేవారు మన్రో సేకరించిన అంకెలను ఎత్తి చూపినంత ఉత్సాహంగా ఈ శిక్షలను ఎత్తి చూపరు.

అయినా ఆ ఏర్పాటులో గమనించదగిన సంగతి ఒకటి ఉంది. అక్కడ ఆలస్యానికి కొలమానం గడియారం కాదు, తోటి పిల్లలు. అందరూ కాస్త ఆలస్యంగా వచ్చిన రోజున ఎవరూ ఆలస్యంగా వచ్చినట్టు కాదు; అందరూ చీకటితోనే వచ్చిన రోజున కూడా చివరివాడికి దెబ్బలు తప్పవు. నాటి పల్లెల్లో కాలాన్ని ఘడియలలో లెక్కించేవారు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, ఏడున్నర ఘడియలు ఒక జాము, ఎనిమిది జాములు ఒక దినం. ఈ లెక్క పంచాంగం చూసేవారికి, ముహూర్తాలు పెట్టేవారికి ఎంత నిక్కచ్చిగా తెలిసినా, బడికి పోయే పిల్లవాడికి కోడికూత, తూర్పున తెలుపు, పొరుగింటి వాకిట్లో కళ్లాపి చప్పుడు చాలు. కాంప్‌బెల్ రాసిన ఆరు గంటలు అన్నది పొద్దుపొడుపును ఆయన తన జేబు గడియారంలోకి దింపుకొని చెప్పిన లెక్క.

మరొక సంగతి తిండికి సంబంధించినది. పిల్లవాడు ఏమీ తినకుండానో, రెండు ముద్దల చద్ది తినో బడికి పోయి, ఎండ ఎక్కాక అన్నానికి ఇంటికి వచ్చి, తిరిగి బడికి పోయి పొద్దు వాలేదాకా అక్కడే ఉండడం వీధి బడుల సామాన్య పద్ధతి. బడి నాలుగిళ్ల అవతలే ఉండేది కనుక ఇది సాధ్యమైంది. చద్ది అంటే రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో, గంజో, మజ్జిగో పోసి మూతపెట్టి ఉంచగా తెల్లవారేసరికి కాస్త పులుపెక్కిన అన్నం. అందులో ఉప్పు వేసి పిసికి, ఉల్లిపాయతోనో, ఆవకాయ బద్దతోనో తినేవారు. కోస్తా ఇళ్లలో తరవాణి కుండ వేరుగా ఉండేది: గంజిని అందులో రోజుకు రోజు చేరుస్తూ పులియబెట్టి, ఆ పులిసిన నీటిలో అన్నం వేసి ఉదయాన పిల్లలకు పెట్టేవారు. పోతన భాగవతం దశమ స్కంధంలో గోపబాలురు అడవిలో చల్దులు ఆరగించే ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం కనుక ఈ తిండి ప్రాచీనతకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. వరి పండని చోట్ల అంబలి, గట్క, సంకటి ఇదే పని చేసేవి. రుచి మాట ఎలా ఉన్నా ఈ తిండ్లకు ఉన్న గొప్ప సౌకర్యం, వాటికోసం తెల్లవారుజామున పొయ్యి వెలిగించవలసిన పని లేకపోవడం. నాటి బడి పొద్దుకు కావలసిన వంట ముందురాత్రే అయిపోయి ఉండేది.

ఇదంతా బడికి పోగలిగిన కొద్దిమంది మాట. కాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. పశువులు తోలుకుపోయే పిల్లలకు, చెల్లెలిని చంకనేసుకొని తల్లి వెంట కూలికి పోయే పిల్లలకు పొద్దు ఉండేది గాని బడి పొద్దు ఉండేది కాదు.

ఇంగ్లీషు చదువులు వచ్చాక ఈ అమరిక తలకిందులైంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. 1854 నాటి ఉడ్ తాఖీదు తరువాత మద్రాసు రాజధానిలో ప్రజావిద్యా శాఖ ఏర్పడి, ప్రైవేటు బడులకు సర్కారు సహాయ ధనం, అనగా గ్రాంటు, ఇచ్చే పద్ధతి మొదలైంది. గ్రాంటు కావాలంటే బడికి హాజరు పట్టీ ఉండాలి, తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఆ పట్టీ సక్రమంగా కనబడాలి, అది సక్రమంగా ఉండాలంటే పేర్లు పిలిచే వేళ ఒకటి నిర్ణయమై ఉండాలి. ఇలా గంట, పట్టీ, గ్రాంటు ఒకదానినొకటి పట్టుకొని బడిలోకి ప్రవేశించాయి. జిల్లా కేంద్రాలలోని హైస్కూళ్లు కచేరీల మాదిరిగా పది, పదిన్నర గంటలకు మొదలయ్యేవి. పొద్దుపొడుపు బడి పదింటి బడిగా మారడంతో పిల్లవాడికి పొద్దున నాలుగు గంటల వ్యవధి దొరికింది, కాని మధ్యలో ఇంటికి వచ్చి తినే వీలు పోయింది. దాని ఫలితం తండ్రి కచేరీకి, కొడుకు బడికి బయలుదేరే లోపల, అంటే తొమ్మిదిన్నరకల్లా, అన్నం, పప్పు, కూర, చారు సహా పూర్తి వంట కావలసి రావడం. అంతకు ముందు మధ్యాహ్నపు ఎండ చూసి నడిచిన తెలుగు వంటిల్లు గడియారం చూసి నడవడం ఇక్కడ మొదలైంది.

ఈ మార్పు తీవ్రతను వారాల పిల్లల అనుభవంలో స్పష్టంగా చూడవచ్చు. వారాలు చేసుకొని చదవడం అంటే పల్లె నుంచి పట్నం వచ్చిన పేద విద్యార్థి, ఎక్కువగా బ్రాహ్మణ కుర్రవాడు, వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోంచేసే ఏర్పాటు; ఏడు రోజులకు ఏడిళ్లు కుదిరితే చదువు సాగినట్టే. వీధి బడి నాడు ఇది ఇబ్బంది కాలేదు. పదింటి బడికి మాత్రం ఆనాటి ఇంటివారి మడి వంట ఎప్పుడు ముగుస్తుందన్నదే ప్రశ్న అయింది: దేవతార్చన అయి, మహానైవేద్యం పెట్టి, ఇంటి యజమాని విస్తరి ముందు కూర్చునేదాకా వారాల కుర్రవాడు వసారాలో ఎదురుచూడాలి, అవతల హాజరు పట్టీ ఎదురుచూడదు. మంగళవారం ఇల్లు ఆలస్యమైతే మంగళవారం ఆకలితో బడికి పోవడం తప్ప దారి లేదు.

గడియారం కూడా అందరికీ ఒకటిగా స్థిరపడడానికి సమయం పట్టింది. మద్రాసు నక్షత్రశాల లెక్క ప్రకారం నడిచే మద్రాసు కాలాన్ని రైళ్లు, తంతి కార్యాలయాలు అనుసరించేవి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినప్పుడు మద్రాసు గడియారాలను సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు జరపవలసి వచ్చింది. ఆ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపం నుంచి పోతుంది కనుక తెలుగు నేల మీదనే సూర్యుడికీ గడియారానికీ దాదాపుగా పొత్తు కుదిరిన ఊళ్లున్నాయి. అక్కడి నుంచి పడమరకు పోయిన కొద్దీ ఆ పొత్తు సడలి, హైదరాబాదులో సుమారు పదహారు నిమిషాలు, అనంతపురంలో సుమారు ఇరవై నిమిషాలు సూర్యుడు వెనకబడతాడు. శ్రీకాకుళం పిల్లకూ అనంతపురం పిల్లకూ బడి గంట ఒకటే అయినా, ఆకాశం లెక్కలో అనంతపురం పిల్ల ఇరవై అయిదు నిమిషాలు ముందుగా నిద్ర లేస్తుంది. శీతకాలంలో ఇది చిన్న తేడా కాదు. నిజాం రాజ్యంలో చార్మినార్‌కు 1889లో నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. సుల్తాన్ బజారు, మహబూబ్ చౌక్ గడియార స్తంభాలు కూడా ఆ శతాబ్దంలోనివే. ఇళ్లలో గడియారం మాత్రం చాలాకాలం పెళ్లి కట్నంలో వచ్చే వస్తువుగానే ఉండిపోయింది. ఆ లోటును కోస్తాలో తీర్చినది 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం. భక్తిరంజని వినబడుతుంటే స్నానాలు, 6.45కు ప్రాంతీయ వార్తలు మొదలైతే జడలు, సంచులు అన్నట్టుగా రెండు మూడు తరాల తెలుగు కుటుంబాలు రేడియోను వినడంకంటే దానితో పొద్దు కొలుచుకోవడమే ఎక్కువగా చేశాయి.

ఆడపిల్లల బడి పొద్దు వేరుగా నడిచింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించిన కాలంలో పిల్లను వీధిలో ఒంటరిగా పంపడమే తల్లిదండ్రులకు పెద్ద అభ్యంతరం. అందుకు విరుగుడుగా మద్రాసు రాజధానిలోని అనేక బాలికా పాఠశాలలు ఇంటింటికీ తిరిగి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి సాయంత్రం మళ్లీ దిగబెట్టే స్త్రీలను జీతమిచ్చి నియమించుకున్నాయి. దూరపు ఇళ్లకు తెర కట్టిన ఎడ్లబండ్లు పంపేవారు. అంటే పిల్లను బడికి చేర్చే బాధ్యత ఆనాడు బడిది. ఆ బాధ్యత తరువాతి కాలంలో చడీచప్పుడు లేకుండా ఇంటికి బదిలీ అయింది. చదువుల చరిత్రలు దీనిని పట్టించుకోలేదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో పట్నాల ఇళ్లలోకి కాఫీ, దాని వెంట పలహారం ప్రవేశించాయి. చద్దన్నం క్రమంగా పల్లెటూరి తిండిగా, పేదింటి తిండిగా చిన్నచూపుకు లోనై, ఇడ్లీ, దోసె, ఉప్మా మర్యాదైన ఉదయపు తిండిగా స్థిరపడ్డాయి. ఈ మర్యాదకు చెల్లించిన వెల ఏమిటో దగ్గర నుంచి చూడవలసిందే. ముందురోజు మధ్యాహ్నం మినప్పప్పు నానబోయాలి. సాయంత్రం పొట్టు గాలించి, రుబ్బురోలు ముందు గంటకు తక్కువ కాకుండా కూర్చొని, ఎడమచేత్తో పప్పు తోస్తూ కుడిచేత్తో పొత్రం తిప్పుతూ రుబ్బాలి. అది రాత్రంతా పులవాలి. తెల్లవారగానే బొగ్గుల కుంపటి రాజేసి, విసనకర్రతో విసిరి, నిప్పు అందుకున్నాక ఒక వాయి ఇడ్లీ దించేసరికి ఎంత లేదన్నా ముప్పావుగంట. ఇదంతా అయ్యాక పదింటి బడికి పెట్టే అన్నం వంట వేరే ఉంది. చద్ది ఉన్నప్పుడు లేని పనిని మర్యాద పుట్టించింది, గడియారం దానికి గడువు పెట్టింది. 1959లో దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలవడం, ఆ తరువాత గ్రైండరు, మిక్సీ రావడం, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకంతో పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం ఈ శ్రమను నిస్సందేహంగా తగ్గించాయి. కాని ప్రతి యంత్రమూ మిగిల్చిన సమయాన్ని కొత్త కోరిక ఒకటి వచ్చి ఆక్రమించింది. ఉదయానికి ఒక తిండి చాలిన చోట టిఫిను, బాక్సులోకి అన్నం, విరామానికి చిరుతిండి అని మూడు తయారయ్యాయి.

ఇంటి పొద్దును తేలిక చేయడానికి ఇంటి బయట జరిగిన మొదటి గట్టి ప్రయత్నం మద్రాసు నగరంలో కనబడుతుంది, దానికి తెలుగువారితో సంబంధమూ ఉంది. తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో పుట్టిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషను అధ్యక్షుడిగా ఉండగా, 1920 సెప్టెంబరులో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషను పాఠశాల పిల్లలకు రోజుకు ఒక్కొక్కరికి అణా ఖర్చు మించకుండా తిండి పెట్టాలని తీర్మానం జరిగింది. అక్కడి పిల్లలు నిరుపేదలని, తిండి లేక బడి మానుతున్నారని, హాజరు పడిపోతున్నదని కారణం చెప్పారు. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. ఆ ఏర్పాటును మరికొన్ని బడులకు విస్తరించగా పిల్లల సంఖ్య పెరిగింది. అయినా ప్రాథమిక విద్యా నిధిని దీనికి వాడరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో అది ఆగిపోయింది. విద్యకు కేటాయించిన డబ్బు అన్నానికి ఖర్చు చేయరాదన్న ఈ వాదన ఆ తరువాత నూరేళ్లలో పేర్లు మార్చుకొని చాలాసార్లు తిరిగి వినబడింది.

బడి వేళలనే మార్చి చూసిన సందర్భమూ ఒకటి ఉంది. 1953 జూన్‌లో, అంటే ఆంధ్ర రాష్ట్రం విడిపోవడానికి కొద్ది నెలల ముందు, ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారి గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలను రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టుకు ఉదయం, మరొక జట్టుకు మధ్యాహ్నం మూడేసి గంటలు చదువు చెప్పి, మిగిలిన పూట ఇంటి వృత్తి నేర్చుకొమ్మన్నారు. కాగితం మీద ఇది పొద్దున ఉరుకులు తగ్గించే ఏర్పాటే. కాని ఇంటి వృత్తి అన్న మాట కులవృత్తిగానే తేలుతుంది కనుక తీవ్రమైన వ్యతిరేకత వచ్చి, 1954లో కామరాజు ప్రభుత్వం దానిని రద్దు చేసింది. రద్దు చేయడం సబబే. వేళల సర్దుబాటులో తెలుగునాట నిలిచినది వేసవి ఒంటిపూట బడి ఒక్కటే: మార్చి నడుమ నుంచి ఏప్రిల్ చివరి వారం దాకా ఎండ ముదరక ముందే బడి మొదలై మధ్యాహ్నానికి ముగిసే ఈ ఏర్పాటు, తెలియకుండానే, వీధి బడి పొద్దుకు చాలా దగ్గరగా ఉంటుంది.

ఇంకొక దారి పొద్దును ఇంటి నుంచి పూర్తిగా తీసివేయడం. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో, మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లిలలో తెరిచిన ప్రభుత్వ గురుకులాలు పల్లె పిల్లలకు మంచి చదువు అందించిన మాట అందరికీ తెలిసినదే. ఆ పిల్లల ఇళ్లలో ఉదయాలు బడి హడావుడి లేకుండా తెల్లవారడం ఎవరూ లెక్కలోకి తీసుకోని మార్పు.

ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులు 1980ల నుంచి చిన్న పట్టణాలకు, ఆపైన పల్లెలకు విస్తరించడంతో బడి పొద్దుకు ఇప్పటి రూపం వచ్చింది. ఈ బడులు పదింటి బడిని ఎనిమిదిన్నరకు, కొన్ని చోట్ల ఎనిమిదికి ముందుకూ జరిపాయి. అంతేకాక పిల్లవాడి వేషాన్ని కూడా ఇంటి బాధ్యత చేశాయి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, టై, బెల్టు, పాలిష్ పెట్టిన బూట్లు, శనివారానికి తెల్ల బట్టలు, డైరీలో సంతకం. ఆడపిల్లకు రెండు జడలు వేసి, చివరలు పైకి మడిచి చెవుల వెనక రిబ్బనుతో బిగించి కట్టడం మంచి చేయి తిరిగిన తల్లికి కూడా పది నిమిషాల పని. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే నాలుగు జడలు, నాలుగు రిబ్బన్లు, ఎక్కడో మంచం కింద దొరికే అయిదోది. ఈ నియమాలలో చదువుకు అవసరమైనది ఒక్కటీ లేదని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ఉమ్మడి కుటుంబంలో జడ వేసే నాయనమ్మ, బడి దాకా చేయి పట్టుకొని పోయే తాతయ్య లేని నగరపు ఇంట్లో, తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగానికి పోయే చోట, ఈ పనులన్నీ ఒకే గంటలోకి వచ్చి ఇరుక్కున్నాయి.

దూరం కూడా పెరిగింది. కొఠారి కమిషన్ 1966లోనే చుట్టుపక్కల పిల్లలందరూ ఒకే బడిలో చదివే పొరుగు బడి పద్ధతిని సిఫారసు చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద రూపొందిన నియమాలు ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలన్నాయి. ఆ లోపల బడి ఉన్నా దానిని దాటి పసుపు బస్సు ఎక్కించడం, సంచులు బయట కొక్కేలకు వేలాడదీసి డ్రైవరు పక్కన కూడా ఇద్దరిని కూర్చోబెట్టుకొనే ఆటోలో పంపడం మామూలైంది. ఈ తొందర ఒక్కోసారి ప్రాణాల మీదికి వచ్చింది. 2014 జూలై 24 ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న బడి బస్సును పాసింజరు రైలు ఢీకొనగా అనేకమంది చిన్నారులు మరణించారు. బ్రాడ్‌గేజి మార్గాలలో అలాంటి గేట్లన్నింటినీ తొలగించడం 2019 జనవరికి గాని పూర్తి కాలేదు.

ఇంటి లోపలి పని ఎవరి మీద పడిందన్నదానికి ఇప్పుడు ఊహలు అక్కరలేదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశవ్యాప్తంగా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించగా, పాల్గొనే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. పొద్దున్నే లేచి పిల్లలను సముదాయించడం గురించి వచ్చే సలహాలు దాదాపుగా అన్నీ తల్లిని ఉద్దేశించినవే కావడం ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే ఆ సలహాల మీద గౌరవం కాస్త తగ్గుతుంది. ప్రవాసాంధ్రులు పెద్ద సంఖ్యలో ఉన్న కాలిఫోర్నియాలో ఇదే సమస్యను చట్టం వైపు నుంచి పట్టుకున్నారు: యుక్తవయసు పిల్లలకు నిద్ర చాలడం లేదన్న వైద్యుల హెచ్చరిక మీద, 2022 జూలై 1 నుంచి కొన్ని గ్రామీణ ప్రాంతాలు మినహా హైస్కూళ్లు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలుకారాదని నిర్ణయించారు. తెలుగు రాష్ట్రాలలో పదో తరగతి పిల్లలు అదే వేళకు ఒక స్టడీ అవరు ముగించుకొని ఉంటారు.

తిండి విషయంలో మాత్రం ఈ నేల కొంత ముందుకు నడిచింది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ పోషకాహార పథకం కింద చాలా రాష్ట్రాలు నెలకు ఎనభై శాతం హాజరైన పిల్లవాడికి మూడు కిలోల ధాన్యం ఇచ్చి ఊరుకున్నాయి. అంటే బియ్యం బడిది, పొయ్యి మళ్లీ ఇంటిదే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించాక, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం మొదలై, ప్రభుత్వ బడి పిల్లల తల్లులకు పొద్దున వంటలో ఒక పూట మినహాయింపు దొరికింది. కూలికి తెల్లవారుజామునే పోయే ఇళ్లలో ఉదయపు తిండి సమస్య అప్పటికీ తీరలేదు. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రాథమిక పాఠశాలల్లో అల్పాహారం ప్రారంభించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ వారానికి మూడు రోజులు ఉదయాన రాగిజావ ఇవ్వసాగింది, వందేళ్ల కింద మర్యాద తప్పిందని వదిలేసిన అంబలికి ఇది దగ్గరి చుట్టమే. అదే ఏడాది అక్టోబరు 6న తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి వరకు అల్పాహార పథకాన్ని ప్రారంభించింది. బడి పొద్దును తేలిక చేయడానికి ఇప్పటివరకు జరిగిన ప్రయత్నాలలో గ్యాస్ పొయ్యి తరువాత చెప్పుకోదగినవి ఇవే, ఎందుకంటే ఇవి తల్లికి సలహా ఇవ్వకుండా ఆమె పనిలో ఒక భాగాన్ని తీసుకున్నాయి. 2020 నాటి జాతీయ విద్యా విధానం మధ్యాహ్న భోజనంతో పాటు ఉదయం అల్పాహారం కూడా పెట్టాలని సిఫారసు చేసింది. మరుసటి ఏడాది కొత్త పేరుతో ఆమోదం పొందిన పీఎం పోషణ్ పథకంలో ఆ అల్పాహారానికి కేటాయింపు లేదు.